మోపెడ్డుకు కాపలా

పశువును పలుపుతో కట్టివేయుదుము. ఇంటికి గొళ్లెము పెట్టి తాళము వేయుదుము. నగలను బీరువాలో దాచుదుము. కాని పశువువలె బరువు మోయునదియు, పొలమువలె కుటుంబమునకు కూడు పెట్టునదియు, నగవలె విలువ గలదియు అగు వస్తువొకటి ప్రతిదినము వీథిప్రక్కన ఒంటరిగా నిలిచియుండును. అదియే మోటారు అమర్చిన సైకిలు, అనగా మన వాడుకలోని మోపెడ్డు. దానికి మనము పెట్టు కాపలా చాలవరకు ఒక చిన్న తాళపుచెవి మాత్రమే. ఆ చెవియు ఒక్కొక్కప్పుడు బండికే వ్రేలాడుచుండును.

తెల్లవారుజామున పాలక్యానులు కట్టుకొని పోవువారిని, సంతలకు బట్టలమూటలు చేరవేయువారిని, చేపలబుట్టతోను కూరగాయల గంపలతోను ఊరూర తిరుగువారిని, ఎరువుబస్తాను ముందుపెట్టుకొని పొలమునకు పోవు రైతును మనము నిత్యము చూచుచున్నాము. వీరికి బండి విలాసవస్తువు కాదు, పనిముట్టు. బండి పోయిన దినముననే ఆదాయమును పోవును. అంతటితోనైన ముగియదు. వాయిదాలమీద కొనిన బండి దొంగల పాలైనను అప్పు రద్దు కాదు. లేని బండికి నెలనెలా వాయిదా కట్టుచు, ఉన్న పనికి మరియొక బండిని వెదకికొనవలసి వచ్చును. కావున దొంగతనము జరుగకుండ చూచుకొనుట యెట్లు, ఒకవేళ జరిగినచో నష్టమును తగ్గించుకొనుట యెట్లు అను రెండు విషయములను ఇంటిల్లిపాదియు తెలిసికొనియుండుట మంచిది.

మోపెడ్డు అను మాట 1952లో స్వీడను దేశమున పుట్టినది. మోటారు, పెడలు అను రెండు మాటల ముక్కలను జోడించి ఒక పాత్రికేయుడు దీనిని కల్పించెను. మన దేశమున 1972లో పూనాలోని కైనెటిక్ సంస్థ లూనా అను బండిని, 1980లో హోసూరులోని టి.వి.యస్. సంస్థ టి.వి.యస్. 50 అను బండిని బజారునకు తెచ్చినవి. తరువాత వచ్చిన ఎక్స్.ఎల్. బండ్లకు త్రొక్కుటకు పెడళ్లు లేకపోయినను పాత పేరు నిలిచిపోయినది. ఇప్పుడు విద్యుత్తుతో నడచు సైకిళ్లును వీని సరసన చేరినవి. వీనిలో చక్రము త్రిప్పునది పెట్రోలైనను, బ్యాటరీయైనను, దొంగ దృష్టిలో వీని కన్నింటికిని ఒక్కటే సుగుణము కలదు. ఇవి తేలికయైనవి. విద్యుత్ సైకిలును ఒక్కడే ఎత్తుకొని పోగలడు. మోపెడ్డును ఇద్దరు కలిసి చిన్న లారీలోనికి ఎక్కింపగలరు.

దొంగ ఎట్లు ఆలోచించునో ముందు గ్రహింపవలెను. వానికి మూడు వస్తువులు కావలెను. మొదటిది స్వల్పమైన సమయము. రెండవది ఎవరి కంటను పడకుండుట. మూడవది, దొంగిలించిన వస్తువును గుర్తు తెలియకుండ అమ్ముకొనగల వీలు. ఈ మూడింటిలో ఏ యొక్కటి లేకపోయినను వాడు ప్రక్కనున్న బండివంక చూచును. తెరువరాని తాళము, తెగని గొలుసు లోకమున లేవు. మన ప్రయత్నమెల్ల వానికి ఆలస్యము కలిగించుట, వానిని పదిమంది కంట పడవేయుట, వాని చేతిలోని సొత్తును గుర్తింపదగినదిగా చేయుట అను మూడు పనులలో ఇమిడియున్నది. ఇకముందు చెప్పబోవు ప్రతి జాగ్రత్తయు వీనిలో ఏదో యొక కోవకు చెందును.

మొట్టమొదటి రక్షణ బండితోపాటు వచ్చు హ్యాండిల్ లాకు. పిడిని ఒక ప్రక్కకు పూర్తిగా త్రిప్పి తాళము వేసినపుడు లోపలనుండి ఒక చిన్న ఉక్కుమేకు ముందుకు వచ్చి, పిడి తిరుగు గొట్టమునకు గల గాడిలో పడును. ముందుచక్రము వంకరగా బిగిసిపోవును గనుక బండిని నెట్టినను తిన్నగా పోక గుండ్రముగా తిరుగును. ఇది ఖర్చు లేని రక్షణ. అయినను రెండు నిమిషముల పనియే గదా అని దుకాణము ముందు దీనిని వేయనివారు పెక్కుమంది. ఇంజను చెవిని ఆపుట వేరు, పిడికి తాళము వేయుట వేరు. మొదటిది ఇంజనును మాత్రమే ఆపును. చక్రములు స్వేచ్ఛగానే యుండును.

అయితే ఈ లాకునకు పరిమితులు కలవు. ఆ మేకు సన్ననిది. గట్టిగా మెలిపెట్టినచో విరుగవచ్చును. మరియు తాళములోపలి ఇత్తడి రేకులు ఏండ్ల తరబడి వాడుకచే అరిగిపోవును. అట్లు అరిగిన తాళము కొంచెము పోలిక గల మరియొక చెవికి కూడ లొంగును. మీ బండి ఎప్పుడైనను ఇతరుల చెవితో తెరచుకొనినచో నవ్వి ఊరకుండరాదు. అది తాళము మార్పింపవలసిన సూచన.

రెండవ రక్షణ, విడిగా కొని వేయు తాళము. బజారులో ఇవి మూడు నాలుగు రకములు. ప్లాస్టికు తొడుగుతో సన్నని తీగలను పేని చేసిన వైరు తాళము చవుకయైనది, తేలికయైనది. కాని చిన్న కత్తెరతోనే తెగును. దీనిని హెల్మెట్టు కట్టుటకు వాడవచ్చును గాని బండిని దీనికి అప్పగింపరాదు. గుర్రపునాడావలె వంగిన యు ఆకారపు తాళము గట్టిది. గొలుసు తాళము వంగును గనుక స్తంభమునకు చుట్టుటకు అనుకూలము. ముందుచక్రపు పళ్లెమునకు తగిలించు డిస్కు తాళము మోటారు సైకిళ్లకు పనికివచ్చును గాని మోపెడ్లలో సామాన్యముగా డ్రమ్ము బ్రేకులే యుండును గనుక దానిని తగిలించుటకు చోటే లేదు. కొనుటకు ముందు ఇది చూచుకొనుట మంచిది.

గొలుసు కొనునపుడు రెండు సంగతులు అడుగవలెను. ఒకటి, ఉక్కునకు పదును పెట్టినారా అనునది. కాచి చల్లార్చి గట్టిపరచిన ఉక్కుపై ఆకురాయి జారిపోవును. మెత్తని ఇనుమును అది కొరుకును. రెండవది, లంకె మందము. సన్నని లంకెలు చేతికత్తెరకు సులభముగా లొంగును. మందము పెరిగినకొలది కత్తెర పెద్దది కావలెను, దానిని దాచుకొని తెచ్చుట కష్టమగును. 10 మిల్లీమీటర్లకు తక్కువగానున్న గొలుసును నమ్మకపోవుట మంచిది. బరువును గూర్చి విసుగుకొనరాదు. ఆ బరువే మనకు కాపలా. గొలుసు గట్టిదై దానికి వేసిన తాళపుకప్ప నాసిదైనచో డబ్బు వృథా. దొంగ తెంపునది ఎప్పుడును మిక్కిలి బలహీనమైన లంకెనే.

గట్టి తాళము కొనుట సగము పని. దానిని వేయు విధము మిగిలిన సగము. చక్రమునకు మాత్రము గొలుసు చుట్టి తాళము వేసినచో బండి నడువదు, నిజమే. కాని దానిని ఎత్తుకొని పోవుటకు ఆటంకము లేదు. గొలుసు వెనుకచక్రము గుండను, బండి చట్రము గుండను పోయి, భూమిలో పాతిన స్తంభమునకో, గోడలోని ఇనుప కడ్డీకో చుట్టుకొనవలెను. ఆకులనడుమ మాత్రమే పోనిచ్చి చట్రమును విడిచినచో సన్నని ఆకులను తెంపి బండిని వేరుచేయవచ్చును. స్తంభము పొట్టిదై, పైన అడ్డము లేనిదైనచో గొలుసుతోసహా బండిని పైకెత్తి తీయవచ్చును. నాటిన లేత చెట్టు స్తంభము కాదు. కదలు ఇనుపకంచె స్తంభము కాదు.

గొలుసు వదులుగా నేలమీద పడియుండరాదు. నేలనున్న గొలుసుపై కత్తెరపిడి నొకదానిని భూమికి ఆనించి, రెండవదానిపై శరీరభారమంతయు మోపవచ్చును. లేదా దానిని రాతిపై నుంచి సమ్మెటతో మోదవచ్చును. ఎత్తుగా, బిగువుగా నున్న గొలుసుతో పెనుగులాట కష్టము. యు తాళము లోపలి ఖాళీని చక్రముతోను చట్రముతోను నింపవలెను. ఖాళీ మిగిలినచో అందులో గడ్డపార దూర్చి విరుచుటకు చోటిచ్చినట్లగును. చెవి రంధ్రము క్రిందివైపు నుండునట్లు వేసినచో దానిలో పనిముట్టు పెట్టుట దుస్తరము. వాననీరును దుమ్మును దూరవు. వీలైనచో రెండు వేరువేరు రకముల తాళములు వాడుట మేలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పనిముట్టు కావలెను. రెండింటిని మోసికొని వచ్చు దొంగ అరుదు.

పాత పెట్రోలు మోపెడ్లకు ట్యాంకు క్రింద పెట్రోలు కాకు ఉండును. బండి నిలిపినపుడు దానిని మూసివేయు అలవాటు మన తండ్రులకు పొదుపుకొరకు కలదు. అది రక్షణకు కూడ పనికివచ్చును. కార్బురేటరులో మిగిలిన పెట్రోలుతో ఇంజను కదిలినను కొంత దూరము పోయి ఆగిపోవును. నడివీథిలో ఆగిన బండితో అవస్థపడు దొంగ పదిమంది కంట పడును. 2020 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన కాలుష్య నియమములకు అనుగుణముగా తయారైన కొత్త ఎక్స్.ఎల్. బండ్లలో కార్బురేటరు బదులు విద్యుత్తుతో నియంత్రింపబడు పెట్రోలు పిచికారి యంత్రము వచ్చినది గనుక వానికి ఈ ఉపాయము వర్తింపదు. అట్టివారు నమ్మకమైన మెకానికుచే కంటికి కనబడని చోట ఒక స్విచ్చి పెట్టించుకొనవచ్చును. బండి హామీ కాలములో నున్నపుడు తీగలను కదలించినచో హామీ చెల్లదను చిక్కు రావచ్చును. కావున ముందు అమ్మినవారిని అడుగవలెను. కదలించినంతనే కూతపెట్టు అలారము మరియొక సాధనము. కాని పిల్లి దూకినను కూయు అలారమును ఇరుగుపొరుగువారు నాలుగు దినములలోనే పట్టించుకొనుట మానివేయుదురు. దాని చురుకుదనమును తగుమాత్రముగా సరిదిద్దుకొనవలెను.

ఇక నిలుపు చోటు. పగలు బజారులో మనుష్యుల రాకపోకలు గల చోట, దుకాణదారు చూపు పడు చోట నిలుపుట మంచిది. రైలుస్టేషనులోను బస్సుస్టాండులోను రుసుము పుచ్చుకొని చీటీ యిచ్చు స్టాండు ఉన్నచో ఆ కొద్దిపాటి రుసుమునకు వెనుదీయరాదు. ఆ చీటీని బండి డిక్కీలో విడిచిపోవువారు కలరు. ఆ చీటీ చూపినవానికే కదా బండి ఇచ్చుట! దానిని జేబులో నుంచుకొనవలెను. అర నిమిషములో వచ్చెదనని ఇంజను ఆపకయే పాల చెంబు దింపుటకు లోపలికి పోవుట, చెవి బండికే యుంచి కాఫీ త్రాగుట, ఇవి దొంగను మనమే పిలిచి కూర్చుండబెట్టుట వంటివి.

రాత్రివేళ ఇంటివద్ద మరింత జాగ్రత్త కావలెను. అద్దె యిండ్లలో మెట్లక్రిందనో, వీథి అరుగు ప్రక్కనో బండ్లు నిలుచును. దొంగకు రాత్రి యంతయు సమయము దొరకు చోటు ఇదియే. ఇంటి యజమాని అనుమతితో గోడలోనో నేలలోనో సిమెంటుతో ఒక బలమైన ఇనుప కడియము పాతించినచో ప్రతి రాత్రియు గొలుసు చుట్టుటకు ఆధారము దొరకును. ఒక్కసారి పెట్టు ఖర్చు అది. నాలుగు కుటుంబములు కలిసి పాతించుకొనిన కడ్డీకి నాలుగు బండ్లు కట్టవచ్చును. ఆ చోట ఒక దీపము వెలుగుచుండవలెను. విద్యుత్ సైకిలు గలవారు బ్యాటరీని విప్పి ఇంటిలోనికి తీసికొనిపోవలెను. అట్టి బండ్లలో బ్యాటరీ మిక్కిలి విలువగల భాగము. అది లేని బండిపై దొంగకు ఆశయు తగ్గును.

ఉపగ్రహముల సాయముతో బండి యున్న చోటును తెలుపు చిన్న పెట్టెలు ఇప్పుడు దొరకుచున్నవి. ఆ పెట్టె ఉపగ్రహముల సంకేతములనుబట్టి తానున్న స్థానమును లెక్కించి, లోపలనున్న సిమ్ము ద్వారా మన టెలిఫోనుకు తెలుపును. దీనిని కంటికి కనబడునట్లు తగిలించినచో దొంగ మొదట దానినే పీకివేయును. సిమ్ముకు డబ్బు కట్టుట మరచినను, దట్టమైన కప్పు క్రిందనో భూగృహములోనో బండిని దాచినను సమాచారము రాదు. ముఖ్యముగా ఒక మాట. బండి ఎచ్చట నున్నదో తెలిసినను ఒంటరిగా పోయి దొంగతో తలపడరాదు. ఆ సమాచారమును పోలీసులకు అందజేయవలెను. బండి మరల కొనవచ్చును.

మూడవ కోవకు చెందినది గుర్తు. ప్రతి మోటారు బండికి మూడు సంఖ్యలు కలవు. రిజిస్ట్రేషను సంఖ్య అందరికి తెలిసినది. చాసిస్ సంఖ్య చట్రముపై, ఇంజను సంఖ్య ఇంజనుపై అచ్చువేయబడియుండును. 2019 ఏప్రిలు 1 తరువాత అమ్మిన బండ్లకు హెచ్చు భద్రత గల నంబరు పలక తప్పనిసరి. దానిపై క్రోమియము ముద్రయు, లేజరుతో చెక్కిన ప్రత్యేక సంఖ్యయు ఉండును. ఒకసారి బిగించిన పిమ్మట పగులగొట్టక విప్పుటకు వీలులేని మేకుతో దానిని బిగింతురు. పలక బదులుగా సొగసైన అక్షరములతో వ్రాయించుకొనుట నియమవిరుద్ధమగుటయే గాక, ఈ రక్షణను చేజేతుల పోగొట్టుకొనుట. దొంగిలించిన బండిని విప్పి భాగములుగా అమ్ముట కద్దు. కావున అద్దములపైనను, చక్రపు అంచుపైనను రిజిస్ట్రేషను సంఖ్యను చెక్కించినచో ఆ భాగములను కొనువాడు వెనుకాడును.

250 వాట్లకు తక్కువ శక్తియు, గంటకు 25 కిలోమీటర్లకు తక్కువ వేగమును గల విద్యుత్ సైకిళ్లను కేంద్ర నియమములు మోటారు వాహనములుగా పరిగణింపవు. వానికి రిజిస్ట్రేషను లేదు, నంబరు పలకయు లేదు. ఇది కొనువారికి సౌకర్యముగా తోచును గాని, పోయినపుడు రవాణా కార్యాలయములో దాని జాడ ఏదియు నుండదని అర్థము. అట్టి సైకిలు గలవారికి కొనిన రసీదు, చట్రముపై నున్న సంఖ్య, మోటారుపైనను బ్యాటరీపైనను గల సంఖ్యలు, నాలుగు వైపులనుండి తీసిన ఛాయాచిత్రములు మాత్రమే సాక్ష్యము. కొనిన దినముననే వీనిని భద్రపరచుకొనవలెను.

అసలు కాగితములను బండి డిక్కీలో నుంచుట పాత అలవాటు. బండితోపాటు కాగితములును దొంగ చేతికి చిక్కినచో దానిని అమ్ముట వానికి మరింత సులభమగును. 2018 నుండి డిజీలాకరు, ఎం పరివాహన్ అను టెలిఫోను సాధనములలో చూపు పత్రములు చట్టసమ్మతములు. అందుచేత అసలు పత్రము ఇంటి పెట్టెలోనే యుండవచ్చును.

బీమా విషయమున చాలమంది ఒక భ్రమలో నున్నారు. బీమా కలదు గదా, బండి పోయిన డబ్బు వచ్చునని అనుకొందురు. చట్టము తప్పనిసరి చేసినది థర్డు పార్టీ బీమా మాత్రమే. మన బండివలన ఇతరులకు కలుగు నష్టమునకు అది ఉద్దేశింపబడినది. మన బండి దొంగిలింపబడినచో దానివలన ఒక్క రూపాయియు రాదు. దొంగతనమునకు పరిహారము సమగ్ర బీమాలోనో, సొంత నష్టపు బీమాలోనో మాత్రమే లభించును. సుప్రీంకోర్టు ఆదేశముననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనములకు 5 ఏండ్ల థర్డు పార్టీ బీమా ఒక్కసారిగా తీసికొనవలసి వచ్చినది. దానితోపాటు సొంత నష్టపు బీమాను ఒక్క ఏడాదికే తీసికొనినవారు, 5 ఏండ్ల తేదీని చూచి నిశ్చింతగా నుందురు. కాని రెండవ ఏటనుండియే దొంగతనపు రక్షణ తీరిపోయియుండును. సొంత నష్టపు బీమాను విడిగా పొడిగించుకొను వీలు 2019 సెప్టెంబరు నుండి కలదు. ఈ పత్రికను ప్రక్కనుంచి మీ బీమా పత్రములోని రెండు తేదీలను ఒకసారి చూడుడు.

పరిహారము బండి కొనిన ధర కాదు. ఏటేట తగ్గించిన ప్రకటిత విలువయే ఇత్తురు. వాడుకలోనున్న తరుగుదల పట్టికనుబట్టి ఆరు నెలలు దాటిన బండికి ఏడాది నిండువరకు 15 శాతము, రెండవ ఏట 20 శాతము, మూడవ ఏట 30 శాతము, నాలుగవ ఏట 40 శాతము, ఐదవ ఏట 50 శాతము తగ్గింతురు. అనగా 50,000 రూపాయల బండి మూడవ ఏట పోయినచో లెక్కకు వచ్చునది 35,000 రూపాయలు. అప్పు మిగిలియున్నచో ముందుగా అప్పిచ్చినవారి బాకీ తీరును. బీమా సంస్థ సామాన్యముగా బండి రెండు తాళపుచెవులను అడుగును. ఒకటి లేనిచో చెవిని బండికే విడిచినారేమో యను సందేహము, దానితో వివాదము వచ్చును. కావున రెండవ చెవిని ఇంటిలో భద్రముగా నుంచవలెను. ఒకటి పోయినచో ఆ సంగతిని అప్పుడే వ్రాతమూలకముగా తెలిపి తాళము మార్పించుకొనవలెను.

ఇన్ని జాగ్రత్తల పిమ్మటను బండి పోయినచో ఏమి చేయవలెను? మొదట ఇంటివారెవరైనను తీసికొనిరేమో, నిలుపరాని చోట నిలిపినందున పోలీసులే ఎత్తించిరేమో విచారింపవలెను. కాదని తేలినంతనే 112కు టెలిఫోను చేసి, పోలీసు ఠాణాకు పోయి ఫిర్యాదు ఈయవలెను. రెండు దినములు వెదకి చూచెదమని జాగు చేయరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను మరియొక ఠాణాలోనైనను సమాచారము ఈయవచ్చును. ఎలక్ట్రానికు సాధనముల ద్వారా తెలిపినచో మూడు దినములలో సంతకము చేయవలెను. ప్రథమ సమాచార నివేదిక నకలును ఫిర్యాదుదారునకు ఉచితముగా ఈయవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. దానిని తప్పక పుచ్చుకొనవలెను.

ఆ వెంటనే బీమా సంస్థకును, అప్పిచ్చిన సంస్థకును, రవాణా కార్యాలయమునకును వ్రాతమూలకముగా తెలుపవలెను. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసిన పక్షమున, బీమా సంస్థకు తెలుపుటలో ఆలస్యమైనదను ఒక్క కారణముచే పరిహారమును నిరాకరింపరాదని 2020లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. అట్లని దానిని నమ్ముకొని ఆలస్యము చేయుట వివేకము కాదు. బండి దొరకనిచో పోలీసుల తుది నివేదిక బీమా సంస్థకు కావలెను. బండి దొరకినచో అది ఠాణా ఆవరణలో ఎండకు వానకు తుప్పుపట్టుచు నుండవలసిన పనిలేదు. అట్టి వాహనములను తగిన పూచీకత్తుపై త్వరలో యజమానికి అప్పగింపవలెనని 2002లో సుప్రీంకోర్టు చెప్పినది. మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకొనవలెను.

చివరిగా, దొంగను పోషించునది కొనువాడే. మోపెడ్డు సగము ధరకు వచ్చుచున్నదని, కాగితములు తరువాత ఇత్తుననిరని సంతలో కొనువారు ఒక్కక్షణము ఆలోచింపవలెను. దొంగసొత్తని తెలిసి గాని, అట్లు నమ్ముటకు కారణముండి గాని కొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద మూడేండ్లవరకు శిక్షింపదగిన నేరము. దొంగతనమునకు 303వ సెక్షను క్రింద విధింపదగిన శిక్షయు మూడేండ్లవరకే. అనగా చట్టము వీరిద్దరిని ఇంచుమించు సమానముగానే చూచుచున్నది. పాత బండి కొనునపుడు పత్రములోని చాసిస్, ఇంజను సంఖ్యలను బండిపై నున్న సంఖ్యలతో కండ్లార సరిచూచుకొనవలెను. ఆ సంఖ్యలచోట ఆకురాయి గీతలో, కొత్త రంగో కనబడినచో కొనరాదు. జాతీయ నేర నమోదు సంస్థవారి వాహన్ సమన్వయ్ అను ఇంటర్నెట్టు సేవలో ఆ బండి దొంగిలింపబడినట్లు నమోదైనదా లేదా అని సామాన్యులును చూచుకొనవచ్చును. 29, 30 ఫారముల ద్వారా యాజమాన్యము మార్పించుకొనువరకు బేరము పూర్తియైనట్లు కాదు. అమ్మినవారికిని ఇది రక్షణయే. ఎవరో చేసిన నేరమునకు వారి పేరు బయటపడకుండును.

ఈ ప్రసంగమును విన్నవారును, ఇప్పుడు చదువుచున్నవారును నేటి సాయంకాలము ఒక పావుగంట దీనికి కేటాయింపుడు. ఒక కాగితముపై రిజిస్ట్రేషను, చాసిస్, ఇంజను సంఖ్యలను, బీమా పత్రపు సంఖ్యను, సొంత నష్టపు బీమా తీరు తేదీని వ్రాసి, రెండవ తాళపుచెవితో కలిపి ఒక కవరులో నుంచి బీరువాలో పెట్టుడు. ఆ కవరు ఎచ్చట నున్నదో ఇంటిలో మరియొకరికి కూడ చెప్పుడు. బండి యజమాని ఊరిలో లేని దినముననే బండి పోవుట తటస్థింపవచ్చును గదా!